ప్రళయకథా శ్రవణము

మన ఆలంకారికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు రెండు విధములుగ విభజించిరి. కన్నులతో చదువుకొను గ్రంథమునకు శ్రవ్యమని పేరేల వచ్చినదని మా తరగతిలో ప్రతి సంవత్సరమును ఎవడో ఒక విద్యార్థి ప్రశ్నించుచునే యుండును. పూర్వము ఒకరు చదువగా పదిమంది వినుచుండెడివారని మేము చెప్పిన సమాధానము మొన్న మొన్నటి వరకు వారికి పాతకాలపు ముచ్చటగా తోచెడిది. ఇప్పుడట్లు తోచుట లేదు. ఆ విద్యార్థులే చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని, బస్సులో నిలుచుండి, ఎవరో చదువుచుండగా నవలలు వినుచున్నారు. వారు వినుచున్నవి ఎట్టివని విచారింపగా, అధికభాగము లోకము నశించిన పిమ్మట మిగిలిన నలుగురు మనుష్యులు పరుగెత్తు కథలని తెలిసినది. కావున మేమును కొన్నాళ్లు విని చూచితిమి.

ఈ శ్రవ్యగ్రంథములు వినోదము కొరకు పుట్టినవి కావు. 1930 దశకములో అమెరికాలోను ఇంగ్లండులోను అంధుల కొరకు గ్రామఫోను పళ్లెములమీద పుస్తకములను చదివి ముద్రించుటతో ఇవి వ్యాప్తికి వచ్చినవి. కన్నులున్నవారు వీనిని తమవిగా చేసికొనుట తరువాతి మాట. 2005లో లిబ్రివాక్స్ అను సంఘమేర్పడి, గ్రంథస్వామ్యము తీరిపోయిన పుస్తకములను స్వచ్ఛందులచేత చదివించి ఉచితముగ పంచిపెట్టుచున్నది. పుస్తకము కొనలేని యింటికిని, చూపు మందగించిన వృద్ధులకును, చేతులు రెండును పనిలో నున్న గృహిణికిని ఇంతటి ఉపకారము చేయు సాధనమును నిందించుటకు మాకు నోరు రాదు. వినుట చదువుట కాదని గద్దించు పండితులతో మేము ఏకీభవింపము. వ్యాసభారతమును నైమిశారణ్యములో శౌనకాదులు చదివినారా? విన్నారు.

అయినను చెవికొక స్వభావమున్నది. కన్ను వెనుకకు పోగలదు, ఒక వాక్యముకడ నిలువగలదు. చెవి నది యొడ్డున నిలిచినవానివంటిది. వచ్చినది చూచునంతలో పోవును. అందుచేత వినునపుడు క్రియాపదములు నిలుచును, విశేషణములు జారిపోవును; పరుగు నిలుచును, పరుగునకు కారణము జారిపోవును. సాహసకథలు చెవికి అంత యింపుగ నుండుట కిదియే హేతువని మా యూహ. ఆండీ వియర్ వ్రాసిన 'ది మార్షియన్' నిందుకు చక్కని యుదాహరణము. అంగారకగ్రహముపై ఒంటరిగ చిక్కిన వ్యోమగామి తన దినచర్యను తానే చెప్పుకొనుచున్నట్లు ఆ కథ నడచును. ఆర్. సి. బ్రే చదివిన ధ్వనిలో దానిని వినుచున్నపుడు ఆ మనుష్యుడు మన ప్రక్కన కూర్చుండి మాటలాడుచున్నాడనియే తోచును. కాని యతడు ఉరలగడ్డలకును ఆహారశక్తికిని వేసిన లెక్కలలో ఒక్కటియు మాకు జ్ఞాపకము లేదు. ఆ నవలకు ప్రాణము లెక్కలే. పుస్తకమున రెండుమార్లు వెనుకకు తిరిగి సరిచూచుకొన్న లెక్కను చెవితో నమ్మి ఊరకుంటిమి.

కార్మక్ మెకార్థీ రచించిన 'ది రోడ్' (2006) విషయము వేరు. సర్వము కాలిపోయిన దేశమున తండ్రియు కొడుకును దక్షిణపు దిక్కుగ నడచిపోవు కథ అది. సంభాషణలకు ఉద్ధరణచిహ్నములైన నుంచక, ఎవరు పలికినారో పాఠకుడే గుర్తించునట్లు ఆ గ్రంథకర్త వ్రాసినాడు. చదువరి పలుకగానే ఆ సందేహము తీరిపోవును: ఇది తండ్రి గొంతు, ఇది బిడ్డ గొంతు. సందేహము తీరుట యిచ్చట నష్టమని మా యభిప్రాయము. ఆ పుటలలో తండ్రి మాటయు కొడుకు మాటయు ఒక్క బూడిదలో కలిసిపోవుటయే గ్రంథకర్త చూపదలచినది. గొంతు వినిపించువాడెవ్వడును నిష్పక్షపాతి కాడు. ప్రతి ఊపిరియు ఒక వ్యాఖ్యానమే.

గొంతునకున్న అధికారమెట్టిదో తెలుపుటకు 1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్స్ రేడియోలో నడపిన నాటకమును అందరును చెప్పుదురు. హెచ్. జి. వెల్స్ 1898లో పుస్తకముగ వెలువరించిన అంగారకవాసుల దండయాత్రను అతడు వార్తాప్రకటనల రూపమున వినిపించెను. దేశమంతయు వీధులకెక్కినదని మరునాడు పత్రికలు వ్రాసినంత జరుగలేదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. కాని కొందరైనను భయపడినమాట నిజము. కల్పనను నమ్మించినది కథ కాదు, వార్తలు చదువువాని గొంతు. దీనిని విడిచి అసలు విషయమునకు వచ్చెదము.

మేము విన్నవానిలో మమ్ము చిరకాలము వెంటాడినది జాక్ లండన్ రచించిన 'ది స్కార్లెట్ ప్లేగ్' అను చిన్న నవల. 1912లో ఒక పత్రికలోను, 1915లో పుస్తకముగను వెలువడినది. 2013వ సంవత్సరమున ఒక ఎఱ్ఱని మహమ్మారి పుట్టి లోకమును తుడిచివేసినదనియు, అరువదియేండ్ల తరువాత మిగిలినవారిలో నొకడైన వృద్ధుడు శాన్ ఫ్రాన్సిస్కో సమీపమున సముద్రతీరముపై కూర్చుండి, తోళ్లు కట్టుకొన్న మనుమలకు ఆ కథ చెప్పుచున్నాడనియు కల్పన. ఆ వృద్ధుడు పూర్వాశ్రమమున విశ్వవిద్యాలయములో ఆంగ్లసాహిత్యాచార్యుడు. ఇదియంతయు వినుటకే పుట్టిన కథ. చెప్పువాడును వినువారును గ్రంథములోనే యున్నారు.

ఆ వినువారిని చూచి మేము మొదట నవ్వితిమి, తరువాత సిగ్గుపడితిమి. వృద్ధుడు ఆ రోగపు వర్ణమునకు తగిన పదమును ఏరి చెప్పగా, ఎఱుపని యనరాదా, ఈ వింత మాట యెందుకని ఒక పిల్లవాడు కసరుకొనును. పదమునకును పదమునకును గల భేదము వానికి అక్కరలేదు. కథ ముందుకు సాగవలెను. కథ ముగియుసరికి ఆ పిల్లల మనస్సునకు పట్టినవి తుపాకిమందును, మంత్రగాడు చేతబట్టి జనులను బెదరించు దండమును మాత్రమే. వృద్ధుడు కొండగుహలో దాచిన పుస్తకములును, వానిని మరల చదువుకొనుటకై వ్రాసిపెట్టిన అక్షరముల సూచికయు వారి కక్కరలేదు. ఒకటిన్నర వేగముతో కథలు వినుచు వర్ణన వచ్చినచోట ముప్పది క్షణములు ముందుకు దుమికెడు మన శ్రోతకును ఆ పిల్లలకును భేదమెంత? మేమును రెండుచోట్ల దుమికితిమని యొప్పుకొనెదము.

అయితే దుమికినవానికి దొరకని రత్నమొకటి ఆ నవలలో నున్నది. పదికి మించి లెక్క యెఱుగని ఆ పిల్లలకు కోట్లన నేమో చెప్పవలసి వచ్చినది. వృద్ధుడు ఇసుకరేణువులను, గులకరాళ్లను, ఆల్చిప్పలను వరుసగ పేర్చి, ఒక్కొక్క దానికి ముందుదానికంటె పెద్ద విలువ కట్టి, తుదకు పది లక్షలకు గుర్తుగా చచ్చినవారి పుఱ్ఱెలనుండి పిల్లలు ఊడగొట్టిన పండ్లను వాడును. శాన్ ఫ్రాన్సిస్కోకు నాలుగు పండ్లు, అనగా నలువది లక్షల జనము. లోకమంతకు ఎనిమిది పీతచిప్పలు, అనగా ఎనిమిదివందల కోట్లు. 2010 నాటి లోకజనసంఖ్య అంతయని లండన్ ఊహించెను. అసలు లోకము ఆ సంఖ్యను చేరినది 2022లో. పండ్రెండు సంవత్సరముల తేడాతో గుఱి తగిలించిన ఆ యూహకంటె, చచ్చినవారిని చచ్చినవారి పండ్లతోనే లెక్కించిన కల్పన మమ్ము కదిలించినది. ఇది చెవికి మిక్కిలి తగిన ఘట్టము. పుటపై చదివినపుడు తొందరపడితిమి గాని వినునపుడు ఆ పిల్లలతోపాటు మేమును లెక్కించితిమి. లెక్కల మాస్టారెవ్వరును ఇంతకంటె మంచి పాఠము చెప్పియుండరు.

ఇక మా తగవు చెప్పవలెను. కథానడుమ వృద్ధుడు మిగుల దుఃఖముతో వెస్టా అను కులీనస్త్రీ సంగతి చెప్పును. లోకమును శాసించిన ధనికులలో నొకని భార్య ఆమె. మహమ్మారి తరువాత, పూర్వము కారు నడుపుచు కొలువుచేసిన యొక క్రూరుడామెను చెఱపట్టి, కట్టెలు ఏరించి, వంట వండించి, కొట్టి బాధించును. మసిపట్టిన కుండలో చేపల పులుసు వండుచు, పొగచే ఎఱ్ఱనైన కన్నులతో నున్న ఆమెను చూచి వృద్ధుడు విలపించును. చదువరి గొంతు గద్గదమైనది. మా కన్నులును చెమర్చినవి. రెండుమార్లు వింటిమి, రెండుమార్లును చెమర్చినవి.

మూడవమారు మా యమ్మాయి వంటయింట పని చేసికొనుచు దానిని బిగ్గరగ పెట్టినది. మా తల్లిగారు అచ్చటనే పీటమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచున్నారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. నలువదియేండ్లు కట్టెలపొయ్యి ఊదినారు. "ఏమే, ఆ ముసలాయన అలా ఏడుస్తున్నాడేమిటి?" అని యడిగిరి. అమ్మాయి కథ నాపి, తెలుగున చెప్పినది. తల్లిగారు క్షణమాలోచించి, "అయితే అంతకుముందు ఆవిడకి వండిపెట్టినదాని కళ్లకి పొగ తగల్లేదటనా?" అనిరి.

మేము వరండాలో నుండి వింటిమి. రెండుమార్లు విని, ఉభయభాషలు చదివి, మాకు తోచని ప్రశ్న యది. పుస్తకము తీసి చూడగా దానికి సమాధానము గ్రంథములోనే యున్నది. ఆహారము సంపాదించి పెట్టువారిని స్వతంత్రులని పిలుచుట పరిహాసమనియు, వారు నిజమునకు తమ బానిసలనియు ఆ వృద్ధుడే ముందొకచోట చెప్పియున్నాడు. చెవి దానిని జారవిడిచినది. అంతకంటె ఘోరము: అక్షరము నశించి, నగరము నశించి, తోలుగుడ్డ కట్టుకొని తిరుగుచున్న ఆ ఆచార్యుడు, ఎదుట కూర్చున్న పసివానిని చూచి నీ తాత సేవకుడు, చదువులేనివాడు, నీ అవ్వ మాత్రము మంచి వంశమునది యని యెత్తిపొడుచుచున్నాడు! ప్రళయమునకును చావనిది వంశగర్వమొక్కటియే కాబోలును. ఈ దృశ్యమునకు మన దేశపు పాఠకునికి టీక అక్కరలేదు.

లండన్ దీనిని వ్యంగ్యముగ వ్రాసెనా? అతడు సామ్యవాది, కాని జాతిగర్వమునకు లోబడినవాడును. కావున ఆ వృద్ధుని కన్నీటిలో గ్రంథకర్త పరిహాసమెంత, సానుభూతి యెంత యని తూచుట కష్టము. ఆ తూనిక పాఠకుని చేతిలో నుండవలసినది. గద్గదస్వరముతో చదివినవాడు ఆ త్రాసును ఒక ప్రక్కకు వంచివేసినాడు. వీరేశలింగముగారు 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' వ్రాసినపుడు వింతదేశపు కథలో మన యిండ్ల దోషములనే చూపిరి. ఆ కథ చెప్పువాని మూఢత్వము చదువరికి తెలియకున్న ఆ గ్రంథము వ్యర్థము. చెప్పువానిని నమ్మరాని కథలకు ఇంపైన గొంతు శత్రువు.

మన పురాణశ్రవణములో ఈ చిక్కు ఇంతగ లేదు. సూతుడు చెప్పును, శౌనకుడు అడుగును. వైశంపాయనుడు చెప్పును, జనమేజయుడు అడ్డుపడును. ఏకాంతమున ఇయర్‌ఫోనులో వినువానికి అడ్డుపడువాడు లేడు. యంత్రమునాపు మీట యున్నది గాని, పరుగు రుచిమరిగినవాడు దానిని నొక్కడు. మా తల్లిగారు అడిగిననాటి నుండి మా యింట ఈ కథలను బిగ్గరగనే వినుచున్నాము. అందుచేత రెండు గంటల నవలకు మూడు సాయంకాలములు పట్టుచున్నది.

నిన్నటి సాయంకాలము తల్లిగారు మరియొక సందేహము లేవదీసిరి. "ఆ కారు తోలేవాడికి పేరు లేదటే? ఎంతసేపూ కారు తోలేవాడు, కారు తోలేవాడు అంటాడేం?" ఆ తెగకే వాని పనినిబట్టి పేరు వచ్చినదని అమ్మాయి చెప్పినను ఆమె ఒప్పుకొనలేదు. అమ్మాయి కథను వెనుకకు జరిపి, ఆ పేరు కొరకు మొదటినుండి మరల వినుచున్నది.