ముప్పయి మార్కుల మోకాలు

మోకాలివద్ద ఎముకకు దుష్టకంతి పుట్టినచో పూర్వం తరచుగా కాలినే తీసివేసేవారు. నేడు చెడిన ఎముకను మాత్రమే కోసి, లోహపు కాడతోకూడిన కృత్రిమ కీలును అమర్చుతున్నారు. దాని ఫలితాన్ని కొలవడానికి 1993లో ఎన్నెకింగ్ ప్రభృతులు ప్రకటించిన పట్టిక నేటికీ విస్తారంగా వాడుకలో ఉన్నది. నొప్పి, పనులు చేసుకోగల శక్తి, మనసుకు తృప్తి, ఊతకర్ర అవసరం, నడవగల దూరం, నడక తీరు: ఒక్కొక్కదానికి 5 చొప్పున మొత్తం 30 మార్కులు.

పట్టిక తేలికైనది, అందుకే నిలిచింది. కాని నందిగామ మెట్టచేలలో కలుపుతీసే మనిషిని ఈ పరీక్షకు కూర్చోబెట్టి చూడండి. అసలు కూర్చోవడం దగ్గరే చిక్కు! గొంతుక్కూర్చోగలదా, నేలమీద బాసిపట్టు వేయగలదా అనే గడి ఇందులో లేదు. ఇట్టి కీలు గలవారిని అట్లా కూర్చోవద్దనే వైద్యులు సాధారణంగా హెచ్చరిస్తారు. ‘పనులు’ అన్న గడిలో అదీ ఇమిడి ఉన్నదందురేమో. ఇమిడినది కంటికి కనబడదు. బల్లవద్ద పనిచేసే గుమస్తాకు, ఈమెకు వచ్చిన 24 మార్కులు ఒకటేనా?

ఇంకొకటి. పట్టిక చూచేది పరీక్షించిన నాటి కాలినే. 2011లో హెండర్సన్ బృందం ఈ కీళ్ళు విఫలమయ్యే తీరులను ఐదుగా విభజించింది: చుట్టూ ఉన్న కండరాల పట్టు తప్పడం, కాడ వదులవడం, లోహంగాని ఎముకగాని విరగడం, సూక్ష్మజీవులు సోకడం, కంతి తిరిగి రావడం. పదవ ఏట వదులయ్యే కాడ రెండవ ఏట 28 మార్కులు తెచ్చుకోవచ్చును. కనుక మార్కుల ప్రక్కన శస్త్రచికిత్స జరిగి ఎన్నేళ్ళయినదో, రోగి నేలమీద కూర్చోగలదో లేదో కూడా వ్రాయవలె.