పాయింటు వెనకున్న కొలత

సర్వే సాఫ్ట్‌వేర్‌లో పాయింటు అంటే అయిదు గళ్ల వరస: నంబరు, నార్తింగ్, ఈస్టింగ్, ఎత్తు, వివరం. గురుగ్రామ్‌లో లేఅవుట్ వేసినా, నోయిడాలో రోడ్డు వేసినా, ఢిల్లీ శివారు పల్లెలో పొలం హద్దు తేల్చినా చివరికి చేతులు మారేది ఈ అయిదు గళ్ల ఎక్సెల్ ఫైలే. డ్రాయింగ్ గీయడానికి అది చాలు. కానీ ఆ పాయింటును ఏ పరికరంతో కొలిచారో, స్టాండ్ ఎక్కడ వేశారో, బ్యాక్‌సైట్ దేనికి పట్టారో అందులో ఉండదు. నేల మీద నిజంగా జరిగిన కొలత అంటే కోణం, దూరం, పరికరం ఎత్తు, ప్రిజం ఎత్తు. నార్తింగ్, ఈస్టింగ్ వాటి నుంచి లెక్కకట్టిన ఫలితం మాత్రమే. ఫలితాన్ని దాచి కొలతను పారేసిన చోట, రేపు తప్పు బయటపడితే దిద్దుకునే దారి ఉండదు. మళ్లీ స్టాండు భుజాన వేసుకుని వెళ్లాల్సిందే.

సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్లకు ఈ తేడా తెలుసు. ఆటోడెస్క్ వారి సివిల్ 3డీలో డ్రాయింగ్‌కు వేరుగా సర్వే డేటాబేస్ ఉంటుంది. కంట్రోల్ పాయింట్లు, వాటి మీద వేసిన సెటప్పులు, ఒక్కో సెటప్ నుంచి తీసిన రీడింగులు, ఏ రోజు ఫైలు ఎప్పుడు లోపలికి వచ్చిందన్న జాడ అన్నీ అందులో విడివిడిగా నిలుస్తాయి. కంట్రోల్ పాయింటు విలువ తప్పని తేలితే ఆ ఒక్కదాన్ని సవరించి మళ్లీ లెక్క కట్టించవచ్చు; దాని మీద ఆధారపడ్డ వందల పాయింట్లు తమంతట తామే సరైన చోటికి జరుగుతాయి. డ్రాయింగ్‌లో నేరుగా పడేసిన మామూలు పాయింట్లకు ఈ గుణం లేదు. వాటికి తల్లిదండ్రులెవరో తెలియదు. అయినా చాలా ఆఫీసుల్లో డేటాబేస్ ఖాళీగా ఉంటుంది, పాయింట్లన్నీ డ్రాయింగ్‌లోనే ఉంటాయి. తొందరలో అలవాటైన దగ్గరిదారి అది.

నంబర్ల విషయంలోనూ అంతే. రెండు పార్టీలు ఒకే సైట్‌లో పనిచేసి, ఇద్దరూ 101 నుంచి మొదలుపెడితే సాయంత్రం ఫైళ్లు కలిపేటప్పుడు గొడవ మొదలవుతుంది. కొత్త నంబరు ఇవ్వాలా, పాతదాని మీద రాయాలా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. అలసిపోయి ఉన్న మనిషి ఏదో ఒకటి నొక్కుతాడు. పాత దాని మీద రాసేస్తే ఒక ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కాస్తా చెట్టు అయిపోతుంది. ముందే ఒకరికి 1001 నుంచి, మరొకరికి 3001 నుంచి వాటా పంచి, కంట్రోల్ పాయింట్లకు వందలోపు నంబర్లు వదిలిపెట్టడం మంచి పద్ధతి.

పరికరాల సంగతి దీనికంటే లోతైనది. సర్వే సాఫ్ట్‌వేర్‌లో పరికరాల పట్టిక ఒకటి ఉంటుంది. కోణం ఎన్ని సెకన్ల కచ్చితత్వంతో చదువుతుంది, దూరంలో ఎన్ని మిల్లీమీటర్ల తేడా రావచ్చు, ప్రిజం కాన్‌స్టంట్ ఎంత అన్నవి అందులో నింపాలి. లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో ట్రావర్స్ సర్దుబాటు చేసేటప్పుడు ఏ కొలతను ఎంత నమ్మాలో సాఫ్ట్‌వేర్ ఈ అంకెల్ని బట్టే తేలుస్తుంది. పట్టికను ఖాళీగా వదిలితే అది తనకు తోచిన అంకెలతో లెక్క కడుతుంది. జవాబు వస్తుంది గాని ఆ జవాబుకు ఆధారం ఉండదు. ప్రిజం విషయం మరీ ప్రమాదకరం. లైకా కంపెనీ తన మామూలు గుండ్రటి ప్రిజాన్ని సున్నాగా లెక్కిస్తుంది. ఇతర కంపెనీల లెక్కలో అదే ప్రిజం మైనస్ 34.4 మిల్లీమీటర్లు. అద్దెకు తెచ్చిన టోటల్ స్టేషన్‌కు వేరే కంపెనీ ప్రిజం తగిలించి, ఈ అంకె చూసుకోకపోతే ప్రతి దూరంలోనూ మూడు సెంటీమీటర్లకు పైగా తేడా చేరుతుంది. అన్ని దూరాల్లోనూ ఒకేలా చేరుతుంది కాబట్టి దాని జాడ చప్పున దొరకదు. పచ్చి రీడింగులు దాచి ఉంటే ఆ ఒక్క అంకె మార్చి మొత్తం తిరిగి లెక్కించవచ్చు.

ఢిల్లీ ఎండకూ ఇందులో పాత్ర ఉంది. కాంతితో దూరం కొలిచే పరికరంలో ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే కిలోమీటరుకు దాదాపు ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది. జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీలు, మే మధ్యాహ్నం 45 డిగ్రీలు ఉండే ఊరిది. ఉష్ణోగ్రత గడిలో ఎప్పుడూ ఒకటే అంకె ఉంచేస్తే అదే కిలోమీటరు దూరం చలికాలంలో ఒకలా, వేసవిలో నాలుగు సెంటీమీటర్ల తేడాతో మరోలా పలుకుతుంది. ఫీల్డ్‌బుక్ పేజీ మూల రాసిపెట్టుకునే వాతావరణం వివరం అలంకారం కాదు, కొలతలో భాగమే.

రాజధాని ప్రాంతంలో మరో చిక్కు కోఆర్డినేట్ సిస్టమ్. యూటీఎం పద్ధతిలో భూగోళాన్ని ఆరేసి డిగ్రీల జోన్లుగా చీలుస్తారు. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా 43వ జోన్‌లోవి. ఆ జోన్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ముగుస్తుంది. గంగ ఒడ్డున ఉన్న గఢ్‌ముక్తేశ్వర్, అనూప్‌షహర్ కూడా రాజధాని ప్రాంతంలోవే గాని, అవి 44వ జోన్‌లో పడతాయి. ఏ జోనో రాయని ఎక్సెల్ ఫైలు అక్కడి నుంచి వస్తే పాయింట్లు వందల కిలోమీటర్ల అవతల వాలతాయి. అది కళ్లకు కనిపించే తప్పు, కనుక మేలు. కనిపించనిది స్కేలు. జోన్ నడిమి రేఖ నుంచి ఢిల్లీ చాలా తూర్పున ఉంది కాబట్టి యూటీఎం లెక్కలో దూరం నేల మీది దూరం కంటే ఎక్కువగా వస్తుంది. ఢిల్లీ, ఘాజియాబాద్, మీరట్‌లను కలిపే 82 కిలోమీటర్ల నమో భారత్ రైలు మార్గాన్నే చూడవచ్చు. సరాయ్ కాలే ఖాన్ దగ్గర ఈ తేడా కిలోమీటరుకు 17 సెంటీమీటర్ల వరకు ఉంటే, మీరట్ అవతల మోదీపురం దగ్గర 40 దాటుతుంది. స్తంభాల మధ్య ముందే పోసిన దిమ్మెలు అమరాల్సిన పనిలో అది చిన్న సంగతి కాదు. అందుకే పెద్ద పనులకు నేల దూరానికి సరిపోయే సొంత గ్రిడ్ ఏర్పరచుకుంటారు. ఆ గ్రిడ్ వివరం ఫైలుతో పాటు ప్రయాణించకపోతే పదేళ్ల తర్వాత దాన్ని ఎవరూ విప్పలేరు.

పాత టోపో షీట్లది మరో లెక్క. అవి ఎవరెస్ట్ గోళాభం మీద గీసినవి; జీపీఎస్ చెప్పేది డబ్ల్యూజీఎస్ 84. రెంటినీ మార్పిడి లేకుండా ఒకదాని మీద ఒకటి పెడితే ఢిల్లీ దగ్గర వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. ఎత్తులోనూ ఇంతే: జీపీఎస్ రోవర్ నేరుగా చెప్పే ఎత్తు సముద్రమట్టం ఎత్తు కాదు. ఢిల్లీలో రెంటికీ సుమారు 50 మీటర్ల తేడా. మురుగుకాలువ వాలు చూడాల్సిన చోట బెంచ్‌మార్కుకు కట్టుకోని ఎత్తు పనికిరాదు.

రోవర్ వచ్చాక పని సులువైంది. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా వెయ్యికి పైగా కార్స్ స్టేషన్లు, అంటే ఎప్పుడూ పనిచేస్తూ సవరణ పంపే జీపీఎస్ స్టేషన్లు, నిలిపింది. బేస్ వేయకుండానే రెండు మూడు సెంటీమీటర్ల కచ్చితత్వంతో పాయింటు దొరుకుతుంది. కానీ ఆ సులువే అసలు కొలతను కంటికి కనబడకుండా చేసింది. స్క్రీన్ మీద వచ్చేది తయారైన కోఆర్డినేట్. ఫిక్స్ వచ్చాక (లెక్క స్థిరపడ్డాక) నొక్కారా, ఫ్లోట్‌లో (ఇంకా స్థిరపడక) ఉండగానే నొక్కారా, యాంటెన్నా ఎత్తు ఎంత పెట్టారు, సవరణ ఏ స్టేషన్ నుంచి అందింది అన్నవి లాగ్ ఆన్ చేస్తేనే మిగులుతాయి. ద్వారక, వైశాలి లాంటి చోట్ల ఎత్తయిన అపార్ట్‌మెంట్ల సందుల్లో ఈ వివరం లేని పాయింటును నమ్మడం కష్టం.

ఇక భూమి రికార్డులు. ఢిల్లీ, హరియాణా పల్లెల్లో భూమిని ముఖ్యంగా కిల్లాలుగా విడగొట్టారు. కిల్లా అంటే 40 కరముల పొడవు, 36 కరముల వెడల్పు. కరము అయిదున్నర అడుగులు. అంటే 220 అడుగుల పొడవు, 198 అడుగుల వెడల్పు, సరిగ్గా ఎకరం. అలాంటివి 25 కలిస్తే ఒక మురబ్బా. హరియాణాలో కిల్లాను 8 కనాళ్లంటారు, ఢిల్లీ రికార్డులో అదే 4 బీఘాల 16 బిస్వాలు. యమున దాటి ఉత్తరప్రదేశ్ వైపు వెళితే రికార్డు పద్ధతే మారుతుంది. సాఫ్ట్‌వేర్‌కు కరము తెలియదు. షజరా అనే ఊరి భూముల పటం మీది అంకెల్ని మీటర్లలోకి మార్చినవాళ్లు ఏ కొలమానం వాడారో రాయకపోతే హద్దు జరుగుతుంది. ఢిల్లీలో రెవెన్యూ హద్దుల నిర్ణయానికి టోటల్ స్టేషన్ వాడుతున్నారు. పరికరం ఎంత మంచిదైనా మొదలుపెట్టడానికి నేలమీద పక్కా పాయింట్లు కావాలి. మురబ్బా రాళ్లు, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాళ్లు చాలా చోట్ల ఇళ్ల కింద, రోడ్ల కింద పోయాయి. దొరికిన రాయికి, దొరకక లెక్కకట్టి పెట్టుకున్న మూలకు డేటాబేస్‌లో వేర్వేరు కోడ్లు ఉండాలి. రెంటికీ ఒకే పేరు పెట్టిన ఫైలు కోర్టు ముందు నిలబడదు. 1908లో ఊరి ఇళ్ల చుట్టూ హద్దుగా గీసిన లాల్ డోరా లోపలి స్థలాలకైతే ఖస్రా (సర్వే నంబరు) వారీ కొలతలే లేవు. ఇప్పుడు కొలిచేదే వాటికి తొలి రికార్డు. అక్కడ పచ్చి ఫైలు మరింత విలువైనది.

కొలతను దాచిపెట్టడం వల్ల ఏమి సాధ్యమవుతుందో ఈ దేశపు సర్వే చరిత్రే చూపించింది. 15వ శిఖరం అని పేరు పెట్టిన కొండకు (నేటి ఎవరెస్ట్‌కు) బిహార్ మైదానాల నుంచి, వంద మైళ్లకు పైగా దూరం నుంచి 1849లో, 1850లో థియోడలైట్‌తో కోణాలు చదివి పుస్తకాల్లో రాశారు. చదివినవాళ్లకు అది అన్నిటికంటే ఎత్తయినదని తెలియదు. ఆ పుస్తకాలు దగ్గర పెట్టుకుని, కాంతి వంపు సవరణలు కట్టి 1852లో సర్వే గణకుడు రాధానాథ్ సిక్దర్ ఆ సంగతి తేల్చారు. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. మైదానంలో ఉన్నవాళ్లు తాము అప్పటికప్పుడు కట్టిన ఎత్తును మాత్రమే పంపి కోణాల్ని పారేసి ఉంటే ఆ సవరణలు కట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే కూడా డ్రోన్లు, కార్స్, రోవర్ల మీదే నడిచింది. హైదరాబాద్ 44వ జోన్‌లో, జహీరాబాద్ 43వ జోన్‌లో ఉన్నాయి గనుక తెలుగు సర్వేయర్లకు పైన చెప్పిన చిక్కులు కొత్త కావు. సర్వే చేయించుకునేవారు, అది ప్రభుత్వ శాఖ అయినా, ప్లాటు కొనే కుటుంబమైనా, డ్రాయింగ్‌తో పాటు పచ్చి రీడింగుల ఫైలు, పరికరం నంబరు, దాని క్యాలిబ్రేషన్ కాగితం, జోన్, గ్రిడ్, బెంచ్‌మార్కు వివరం కూడా అడిగి తీసుకోవాలి. ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం రాయించుకోవడానికి అదనంగా ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.