డెల్కో ముట్టుకోకముందు

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు ఆ అంబాసిడర్ మార్క్ 2 సొంతంగానే వచ్చింది గాని, దారిలో రెండుచోట్ల ఆగి నీళ్లు తాగింది. ఇంజన్ బోరు చేయించి నెల కూడా కాలేదు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, క్రాంక్ గ్రైండింగ్, ఖర్చంతా అయింది. బండి మాత్రం లాగదు. యాక్సిలరేటర్ తొక్కితే రొద పెరుగుతుంది, వేగం పెరగదు. ఇంజన్ కట్టినాయన డెల్కో అటూ ఇటూ తిప్పి, ఇక తిరగదన్న చోట బిగించి పంపాడట. (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఎవరు చేసిందైనా మన మెకానిక్కులకు డెల్కోనే. అది ఒక అమెరికా కంపెనీ పేరు.)

ఆత్మకూరు మేస్త్రి బానెట్ ఎత్తాక చాలాసేపు డెల్కోని ముట్టుకోలేదు. దాని పక్కన వాక్యూమ్ డబ్బా ఇంజన్ బ్లాకుకు ఆనుకుపోయి ఉంది. “ఇది ఇట్టా ఉండకూడదే” అని, ప్లగ్గులన్నీ విప్పమని కుర్రాడికి చెప్పాడు.

పెట్రోలు ఆవిరి అంటుకున్న క్షణానే అంతా మండిపోదు. మంట సిలిండరంతా పాకడానికి సెకనులో వెయ్యోవంతులు రెండు మూడు పడుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో పిస్టన్ కిందనుంచి పైకి రావడానికి పట్టేదే సెకనులో నూరోవంతు. అందుకే పిస్టన్ పైకి చేరకముందే కరెంటు పడాలి. మరీ ముందు పడితే ఎక్కుతున్న పిస్టన్ నెత్తిన దెబ్బ, అదే నాకింగ్. ఆలస్యమైతే మంట చక్రాలను తిప్పే బదులు సైలెన్సర్ దారి పడుతుంది, ఆ వేడి రేడియేటర్ మీద పడుతుంది. ఈ బండి జబ్బు రెండోది.

ఎంత ముందు అనేది పిస్టన్ కొసమెట్టు నుంచి లెక్క. మరి ఆ కొసమెట్టు ఎక్కడ? ప్లగ్గు రంధ్రంలో చీపురుపుల్ల పెట్టి చూసేవాళ్లను చాలామందిని చూశాను. ఈ 1489 సీసీ ఇంజన్‌లో పిస్టన్ నడక 88.9 మిల్లీమీటర్లు. క్రాంక్ చివరి 10 డిగ్రీలు తిరిగినా పిస్టన్ ఒక మిల్లీమీటరు కూడా ఎక్కదు. ఆ కాస్తలో చీపురుపుల్ల ఏం చెబుతుంది?

మేస్త్రి డబ్బాలోంచి ఒక వింత వస్తువు తీశాడు. పాత ప్లగ్గు, పింగాణీ పగలగొట్టి మధ్యలో బోల్టు వెల్డింగ్ చేయించుకున్నాడు. దాన్ని ఒకటో సిలిండర్‌లో బిగించి, క్రాంకును నిదానంగా తిప్పించాడు. పిస్టన్ వచ్చి బోల్టుకు తగిలి ఆగింది. పుల్లీ మీద సుద్దగీత. వెనక్కి తిప్పితే అటునుంచి వచ్చి తగిలింది. ఇంకో గీత. రెండు గీతల మధ్య నూలుదారం పరిచి, సగానికి మడిచి చూస్తే, కంపెనీవాళ్లు పుల్లీ మీద పెట్టిన గాటు సరిగ్గా ఆ మడత దగ్గరే ఉంది. గుర్తు అబద్ధం చెప్పడం లేదని అప్పుడు నమ్మాడు. నాకైతే ఆ రోజు మొత్తంలో ఇదే గొప్ప పని అనిపించింది.

బోల్టు ప్లగ్గు తీసేసి, రంధ్రం మీద కుర్రాడి బొటనవేలు పెట్టించాడు. క్రాంక్ రెండు చుట్లకు డెల్కో ఒక్క చుట్టు; కాబట్టి పిస్టన్ పైకొచ్చే రెండుసార్లలో గాలి వేలిని తన్నేది ఏదో తెలియాలి. “తిప్పబ్బయ్యా, నిదానంగా.” గాటు కొంచెం దాటిపోయింది. అంతమేర వెనక్కి లాగితే సరిపోయేది కదా అనుకున్నాను. ఆయన పావుచుట్టు వెనక్కి పంపించి, మళ్లీ ముందుకే తిప్పించుకుంటూ వచ్చాడు. టైమింగ్ చైనుకు వదులుంటుంది, పళ్లకు సందుంటుంది. నడిచే దిక్కులో వస్తేనే ఆ వదులు ఒక పక్కకు బిగుస్తుంది.

అప్పుడు డెల్కో విప్పాడు. కింద దాన్ని తిప్పే ఇరుసు ఉంది. ఇరుసు నెత్తిన గాడి నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందువల్ల డెల్కో దానిమీద ఒక్క తీరులోనే కూర్చుంటుంది. కానీ ఆ ఇరుసు మాత్రం క్యామ్ షాఫ్ట్ మీద ఏ పన్నుకైనా దిగుతుంది. తప్పు అక్కడ జరిగింది. ఒక్క పన్ను. డెల్కోని ఎంత తిప్పినా వాక్యూమ్ డబ్బా బ్లాకుకు కొట్టుకుంటోంది గాని, కావలసిన ముందు అందడం లేదు.

ఇరుసు నెత్తిన మరలోకి పొడవాటి బోల్టు ఎక్కించి, దాన్నే పిడిగా పట్టుకుని పైకి లాగాడు. పళ్లు వాలుగా ఉంటాయి కాబట్టి మెలి తిరుగుతూ వచ్చింది. పెట్టేటప్పుడూ మెలి తిరుగుతూనే దిగుతుంది. అంటే గాడి చివరికి ఎటు చూడాలో అటే పెట్టి దింపితే తప్పిపోతుంది. ఆ తిరుగుడంత వెనక పెట్టి వదలాలి. ఆయన రెండుసార్లు దింపి, నచ్చక తీశాడు. మూడోసారి బోల్టు విప్పి చెయ్యి తుడుచుకున్నాడు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాళ్లు కూడా ఇట్లాగే కంటితో కొలుస్తారు. వాళ్లకు కొయ్య ఎదురుగా కనిపిస్తుంది, ఈయనకు పళ్లు చీకట్లో ఉన్నాయి.

తర్వాత డెల్కోలో కరెంటును తెంపే పాయింట్ల సందు, 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను. ఇది టైమింగ్‌కు ముందే చూడాలి. సందు పెరిగితే పాయింట్లు తొందరగా విడతాయి, తగ్గితే ఆలస్యంగా. వెనక మార్చితే పెట్టిన టైమింగ్ మారిపోతుంది. ఆఖర్న క్రాంకును కొసమెట్టుకు కావలసినంత ముందున ఆపించి, చిన్న బల్బు తీశాడు. ఒక వైరు పాయింట్ల టెర్మినల్‌కు, రెండోది బాడీకి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు వెలగదు, విడిపోగానే వెలుగుతుంది. వెలిగిన చోట డెల్కో బిగించాడు. ఇప్పుడు వాక్యూమ్ డబ్బాకూ బ్లాకుకూ మధ్య రెండు వేళ్లు పడుతున్నాయి.

ప్లగ్గు వైర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో ఎక్కించాక మొదటి సెల్ఫుకే అందుకుంది. అయినా డబ్బులు తీసుకోలేదు. “కొండెక్కి చూద్దాం పదన్నా” అన్నాడు.

మర్రిపాడు దాటి బద్వేలు రోడ్డులో వెలికొండ ఎక్కేటప్పుడు కిటికీలు దించమన్నాడు. టాప్ గేరులో యాక్సిలరేటర్ నిండా తొక్కమన్నాడు. ఒక మలుపులో గోలీలు గలగలమన్నట్టు సన్నగా వినబడింది, నాకు కాదు, ఆయనకు. ఆపించి, డెల్కో వెంట్రుకవాసి వెనక్కి జరిపి బిగించాడు. అదే మలుపు మళ్లీ ఎక్కాం. ఆయన బయటికి చెవిపెట్టి విన్నాడు, తర్వాత కిటికీ ఎత్తేసుకున్నాడు.