డబ్బా మీది ఒక మిల్లీసెకను

టీవీ షోరూముల్లో గోడ నిండా ఆడించే వీడియోలు గమనించారా? తేనెచుక్క తాపీగా జారుతుంది. చిలుక మెడ కొంచెం తిప్పుతుంది. ఎక్కడా ఏదీ పరుగెత్తదు. పరుగెత్తితే తెర గుట్టు రట్టవుతుంది మరి!

మా అమీన్‌పూర్ చెరువు గట్టున కెమెరాలు పట్టుకుని కూర్చునే వాళ్లకు ఆ గుట్టు తొందరగానే తెలుస్తుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు ఇది. నలుపుతెలుపు లకుముకిపిట్ట నీళ్లపైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, చటుక్కున తలకిందులుగా దూకుతుంది. వీడియోను ఆపి చూస్తే రెక్క అంచులు శుభ్రంగా ఉంటాయి. అదే మానిటర్ మీద ఆడిస్తే పిట్ట వెనక నల్లటి మరక ఈడ్చుకుంటూ వస్తుంది. వీఏ అనే రకం ఎల్‌సీడీ ప్యానెళ్లలో చాలావాటికి చీకటి ఛాయల మధ్య పిక్సెల్ మారడం నిదానం. సినిమాలకు వాటి నలుపు ఎంత అందమో, ముదురు నీళ్ల మీద పిట్టకు అంత శాపం.

డబ్బా మీద '1 ఎంఎస్' అని ఉంది కదా అంటారు. ఆ అంకె ఎలా కొలిచారో చూడాలి. పిక్సెల్ ఒక ఛాయ నుంచి ఇంకో ఛాయకు మారడంలో మామూలుగా 10 శాతం నుంచి 90 శాతం దాకానే లెక్కిస్తారు. మొదలూ చివరా లెక్కలోకి రావు. పైగా పిక్సెల్‌ను తొందరపెట్టే ఓవర్‌డ్రైవ్ సెట్టింగ్‌ను ఆఖరి మెట్టుకు తోసి సాధించిన అంకె కావచ్చు. ఇంట్లో అలా పెడితే రంగు హద్దు దాటి, పిట్ట వెంట వెలుగు చార ఒకటి బయల్దేరుతుంది. నేనైతే మధ్య మెట్టు దాటను.

కొనేముందు మీరు తీసిన వీడియోనే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. "ఫోర్‌కే డెమో చూడండి సార్" అంటాడు షాపు కుర్రాడు. "ముందు మా పిట్టను వెయ్యి తమ్ముడూ" అనండి. టీవీ తనంతట తాను మధ్య బొమ్మలు పుట్టించే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆపించి చూడండి.

పిక్సెల్ చిటికెలో మారే ఓఎల్ఈడీ కొంటే మరక పోతుంది కానీ మసక పూర్తిగా పోదు. 60 హెర్ట్జ్ తెర ఒక్కో బొమ్మను 16.7 మిల్లీసెకన్లు కదలకుండా పట్టి ఉంచుతుంది. కన్ను మాత్రం పిట్ట వెంట జారుతూనే ఉంటుంది. సెకనుకు 960 పిక్సెళ్లు కదిలే బొమ్మకు అది 16 పిక్సెళ్ల మసక. 120 హెర్ట్జ్‌లో, వీడియో కూడా అదే వేగంతో తీసి ఉంటే, 8కి దిగుతుంది. 1980ల్లో మన ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీల వంటి పిక్చర్ ట్యూబు సెట్లకు ఈ బాధ పెద్దగా లేదు. తెర మీద ప్రతి చుక్కా మెరిసి వెంటనే ఆరిపోయేది. ఇల్లు మారితే దాన్ని మొయ్యడానికి ఇద్దరు కావాలి, అది వేరే సంగతి.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో స్టోర్స్ లెక్కలు రాసుకునే వాళ్లకు ఈ గొడవేదీ అక్కర్లేదు. మామూలు 60 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్ చాలు. మిగిలిన డబ్బుతో నడుముకు మంచి కుర్చీ వస్తుంది.