ముసురుకీ జల్లుకీ తేడా తెలియాలి

ఎండా, వానా, గాలీ, చలీ గురించిన మాటలను అయిదారేళ్ల పిల్లలకు నేర్పే ఈ పుస్తకానికి ముందుమాట రాయమని రచయిత్రి కోరినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. ఆమె ఒకటో తరగతికి చదువు చెప్పే ఉపాధ్యాయురాలు. పిల్లలు దేన్ని చూసి ఆగుతారో, ఏది చెబితే చెవి ఒగ్గుతారో ఆమెకు తెలుసునని మొదటి పది పేజీల్లోనే అర్థమైంది.

మన బడుల గోడల మీద వాతావరణ పటం ఒకటి ఉంటుంది. సూర్యుడు, మబ్బు, గొడుగు, మంచుబొమ్మ. కర్నూలు పిల్లవాడు ఆ మంచుబొమ్మ పేరు ఇంగ్లీషులో చక్కగా అప్పజెబుతాడు. బడికి వస్తూ తాను తడిసిన వాన ఎలాంటిదని అడిగితే మాత్రం వాడి దగ్గర ఒకటే మాట ఉంటుంది. ఈ పుస్తకం వాడి నెత్తిన పడ్డ వానతోనే మొదలవుతుంది. అదే నాకు అన్నిటికంటే నచ్చింది.

వాన పేజీలు నిదానంగా చదవవలసినవి. ఆమె నిర్వచనాల జోలికి పోకుండా గుర్తులు చెప్పారు. చినుకులైతే మట్టి మీద చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, లెక్కపెట్టవచ్చు. తుంపరకు చెయ్యి చాపితే చర్మం చెమ్మగిల్లుతుంది, అంతే. జల్లు వచ్చినంత వేగంగానే వెళ్లిపోతుంది, చూరు కింద కాసేపు నిలబడితే చాలు. ముసురు పట్టిందంటే మాత్రం రెండు మూడు రోజులు పొద్దు కనబడదు, దండెం మీది బట్టలు ఆరవు. జడివానలో ఎదురిల్లు మసకబారుతుంది. కుండపోతలో పక్కవాళ్ల మాట వినపడదు. వీటి పక్కనే ‘పదును’ అనే మాటను కూడా చేర్చడం చూసి ముచ్చటపడ్డాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతోనే సరిపెట్టుకునే అనంతపురం సీమలో వేరుశనగ విత్తడానికి రైతు ఎదురుచూసేది ఆ పదును కోసమే. వాన ఎంత పడిందన్నది కాదు, నేల విత్తనాన్ని పట్టుకునేంతగా తడిసిందా అన్నది అక్కడి ప్రశ్న. అక్కడి పిల్లలకు అది ఇంట్లో రోజూ వినబడే మాట.

తెలంగాణ పిల్లల మొగులు, సింగిడి, రాళ్లవాన ఈ పుస్తకంలో మబ్బు, హరివిల్లు, వడగళ్లవానలతో సమానంగా, ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. ఏదీ అసలు మాట కాదు, ఏదీ కొసరు మాట కాదు. అలాగే ఉండాలి.

గాలి పేజీలు తక్కువే అయినా, సముద్రపు గాలి సంగతి తేటగా ఉంది. పగలు నేల త్వరగా వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. విశాఖ పిల్లలు మధ్యాహ్నం రోజూ అనుభవించే సంగతికి కారణం నాలుగు వాక్యాల్లో తెలిసిపోతుంది.

ఇక హెచ్చరిక మాటలు. పిల్లల పుస్తకంలో ఇవెందుకని కొందరు అడగవచ్చు. అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తా ఇళ్లలో టీవీ ముందు పెద్దవాళ్లు ఆందోళనగా కూర్చుంటే పిల్లలు పక్కనే ఉంటారు. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అనే మాటలు వాళ్ల చెవిన పడుతూనే ఉంటాయి. అవి గాలి వేగాన్ని బట్టి పెట్టిన మెట్లని, గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండమని, 62కు చేరితే తుపాను అని తెలిస్తే బెదురు తగ్గి ఎరుక పెరుగుతుంది. వార్తల్లో ‘భారీ వర్షం’ అన్నప్పుడు దానికీ ఒక కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆ పైన. నిటారు గోడలున్న డబ్బాను ఆరుబయట పెట్టి మర్నాడు స్కేలుతో కొలవమంటారు రచయిత్రి. ఆరున్నర సెంటీమీటర్ల నీళ్లు నిలిచాయంటే వార్తల్లోని మాట ఆ పిల్లవాడి డబ్బాలో ఉన్నట్టే.

తుపానుకీ ఉప్పెనకీ తేడాను ఆమె విడిగా ఒక పేజీలో చెప్పారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడింది ఉప్పెన. తుపాను గాలి సముద్రాన్ని నెట్టుకొచ్చి ఊళ్ల మీద పడేసింది, వేలమంది ప్రాణాలు పోయాయి. గాలికి గట్టి గోడ చాటు సరిపోవచ్చు. నీటికి సరిపోదు, ముందే మెరక ప్రాంతానికి వెళ్లిపోవాలి. తుపాను కన్ను గురించి రాసిన నాలుగు వాక్యాలు కూడా అంత విలువైనవే. గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందనుకుని బయటికి రాకూడదు, కన్ను దాటాక రెండో వైపు నుంచి గాలి మళ్లీ విరుచుకుపడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తున్న పిల్ల ఇంటిల్లిపాదినీ గుమ్మం దాటకుండా ఆపగలదు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టే ఆట కూడా ఇలాంటిదే. మూడు సెకన్లకు కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. అంకె తగ్గుతోందంటే దగ్గరపడుతోందన్నమాట. అయితే ఉరుము వినబడిందంటేనే ఇంట్లోకి వెళ్లాలని, లెక్క ఇంట్లో కూర్చుని పెట్టుకోవాలని, చెట్టు కింద నిలబడకూడదని ఆమె పెద్ద అక్షరాల్లో రాశారు. మేకల వెంట పొలానికి వెళ్లే పిల్లలున్న ఊళ్లలో ఈ పేజీని తరగతి గోడకు అంటించాలి.

మలి ముద్రణకు నావి రెండు సూచనలు. ఎండ పేజీలు పలచగా ఉన్నాయి. నీరెండ, లేత ఎండ, మిట్టమధ్యాహ్నపు ఎండ, ఉక్కపోత, వడగాడ్పు ఒక్కొక్కటీ వానకు చేసినట్టే గుర్తులతో రావాలి, వడదెబ్బ తగిలితే ఏం చెయ్యాలో కూడా ఉండాలి. రోహిణి కార్తె ఎండలు, మృగశిరతో వచ్చే చల్లదనం, తొలకరికి నేల మీద పాకే ఎర్రటి ఆరుద్ర పురుగులు, ఈ మూడింటినీ వరసగా చెబితే మే చివరి నుంచి జూన్ చివరి దాకా కాలం ఎలా మారుతుందో పిల్లలకు కథలా అందుతుంది. రెండోది, షికాగోలోనూ టొరంటోలోనూ తెలుగు నేర్చుకుంటున్న మన పిల్లల కోసం మంచు పేజీ ఒకటి పెంచాలి. కర్నూలుకు పరాయిదైన ఆ మంచుబొమ్మ వాళ్ల పెరటిదే.

తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. ఈ పుస్తకంలో ప్రతి పేజీ పక్కనా కొంత ఖాళీ వదిలారు. తాము చూసిన వానకో గాలికో ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ చెప్పే పేరు వేరే ఉంటే పిల్లల్ని అక్కడ రాసుకోనివ్వండి. ఆ మాట పుస్తకంలో లేదని దిద్దకండి.