‘రహస్యము’ చిత్రమందలి గిరిజాకల్యాణము

చలనచిత్రమున వెలసిన కృతిని సాహిత్యపరిశోధకులు విచారింపవలయునా యని పండితులలోఁ గొందఱు శంకింతురు. కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయమును మనము కావ్యముగాఁ బఠించుచున్నాము. అదియు నాడుటకును బాడుటకును బుట్టినదే కదా. రంగము మాఱినంతనే కృతికి జాతిభ్రంశము కలుగదు. కావున 1967 సంవత్సరమున వెలువడిన ‘రహస్యము’ అను చిత్రములోని గిరిజాకల్యాణమును యక్షగానముగా మరల విచారింపఁ బూనితిని.

ఈ చిత్రమునకు నిర్మాత ఎ. శంకరరెడ్డిగారు. 1963 నాఁటి వీరి ‘లవకుశ’ యపూర్వఖ్యాతి నందెను. ‘రహస్యము’ మాత్రము జనాదరమునకు నోఁచుకొనలేదు. చిత్ర మోడఁగా, దానియందలి యక్షగానమును ‘సినిమాపాట’ యను పేరఁ బండితులు ప్రక్కకు నెట్టిరి. ఈ నెట్టుట న్యాయము కాదని నా పక్షము.

దర్శకులు వేదాంతం రాఘవయ్యగారు కూచిపూడియందే జన్మించి యా విద్యలోనే పెరిగినవారు. సంగీతము ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది. యక్షగానమును రచించినవారు మల్లాది రామకృష్ణశాస్త్రిగారు. 1965లోనే గతించుటచేఁ దమ కృతి తెరకెక్కి జనులయెదుటికి వచ్చుటను వారు చూడనేలేదు.

అమెరికాదేశపు నృత్యచిత్రములను మెచ్చువారు 1951 నాఁటి ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ చివరి నృత్యమును మేలుబంతిగాఁ జూపుదురు. సుమారు 17 నిమిషములు మాట లేకయే సాఁగెడి యా నృత్యమునకు గెర్ష్విన్ వాద్యసంగీతమే యాధారము. మన భాగవతుల మార్గము వేఱు. ఇచ్చటఁ బదము ముందు, పాదము వెనుక. వాచికము లేని గిరిజాకల్యాణము నిలువదు. కనుకనే దీనిని తూఁచుటకు వ్యాకరణము చదివినవానికిని గొంత యధికారము కలదు.

దేవీస్తుతితోఁ గూడిన పరాకు, పిమ్మట దరువులు, సంవాదములు: ఈ క్రమమంతయు సంప్రదాయసిద్ధమే. విశేష మంతయు మన్మథఘట్టమున నున్నది. కుమారసంభవ తృతీయసర్గమునఁ గాముఁ డింద్రునికడఁ బ్రగల్భములు పలుకును, ఎదురాడువాఁడు లేఁడు. శాస్త్రిగా రా ప్రగల్భములకుఁ బ్రత్యుత్తరము కల్పించి సంవాదము గావించిరి. శ్రవ్యమును దృశ్యముగాఁ ద్రిప్పు నేర్పు ఇదియే. మఱియు ‘శుకవాహనుఁడు’ అనిన విశేషణమాత్ర మగును గాని, వారు దానిని దేశ్యమునఁ జెప్పి చిలుకను గుఱ్ఱముగను, మదనుని రౌతుగను జేసిరి. బిరుదమును బరిహాసమును నొక్క సమాసముననే యిమిడినవి. నర్తకున కిట్టి మాట దొరకినచో వేఱు హస్తములు వెదకఁ బనిలేదు.

దోషములు లేవనఁజాలను. జానపదకథయొక్క దీర్ఘతనడుమ నీ కల్యాణము పరాయియింట విడిసిన పెండ్లివారివలె నున్నది. మఱియు దెరపై ముఖమును దగ్గఱగాఁ జూపినప్పుడు పాదములు మఱుఁగగును. పాదము కానరాని జతి సగము చచ్చినదే.

మా తిమ్మాజిపేట యున్న పాలమూరుసీమకుఁ గూచిపూడి దూరమే యైనను యక్షగానము పరాయిది కాదు. తెలంగాణమునఁ జిందుభాగవతు లాడిన యాటలును, చెర్విరాల బాగయ్యగారి యక్షగానములును బల్లెలకుఁ దెలిసినవే. వానినిఁ బామరజనవినోదములని త్రోసిపుచ్చిన చూపే గిరిజాకల్యాణమును సైతము త్రోసినది. ఎస్.వి. జోగారావుగారి ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ 1961 నాఁటిదగుటచే నందు దీనికిఁ జోటులేకుండుట సహజము. తరువాతివారి కా యాక్షేపణసమాధానము చెల్లదు.

ముందు కావలసినది శుద్ధపాఠము. ధ్వనిముద్రికను విని వ్రాసికొన్నవారు పదచ్ఛేదమునఁ దడఁబడుట సహజము. సాధురేఫ శకటరేఫముల భేదము చెవికిఁ దెలియదు, అర్ధబిందువు వినఁబడనే వినఁబడదు. యతిప్రాసములను, దాళగతిని జూచి పాఠమును నిర్ణయించి, కఠినపదములకు లఘుటీకతోఁ బరిషత్పత్రికయందుఁ బ్రకటించినచోఁ, బాఠశాలలలో సుగ్రీవవిజయముసరసనే దీనినిఁ జదివింపవచ్చును.