గట్టు వేసే పనితనం

లైనక్స్ కెర్నల్‌లో వేలాది ఫంక్షన్లుంటాయి. విడిగా వచ్చి కలిసే డ్రైవర్ మాడ్యూల్ వాటిలో దేన్ని పిలవవచ్చో తేల్చేది, ఆ ఫంక్షన్ కింద రాసే ‘ఎక్స్‌పోర్ట్ సింబల్’ అనే ఒక్క వరుస. ఆ వరుస రాయడంలో కన్నా రాయకుండా ఉండడంలోనే నిర్వాహకుల నేర్పు తెలుస్తుంది, ఎందుకంటే ఒకసారి వాకిట్లో పెట్టిన పనిముట్టును మళ్లీ లోపలికి తీసుకోవడం కష్టం. పేరు చెబితే చిరునామా వెతికిపెట్టే ‘కాల్‌సిమ్స్ లుకప్ నేమ్’ అడ్డదారిగా మారిందని 2020లో 5.7 వెర్షన్‌లో దాన్ని మూసేస్తే, దానిమీద ఆధారపడ్డ బయటి మాడ్యూళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. 2019లో 5.4 వెర్షన్ తెచ్చిన నేమ్‌స్పేస్‌ల పద్ధతి ఇంకా నాజూకైనది: ఫలానా గదిలోని సరుకు కావాలంటే మాడ్యూల్ ఆ గది పేరు చెప్పి మరీ అడగాలి.

లోపలికొచ్చిన మాడ్యూల్‌కు మెమరీ అంతా అందుబాటే కదా, ఈ కాపలా దేనికనవచ్చు. నిజమే, ఇది దొంగను ఆపే తాళం కాదు, పొలాల మధ్య గట్టు. గట్టు తెలిస్తేనే రైతు తన మడిని నిశ్చింతగా మార్చుకోగలడు. కొన్ని ఫంక్షన్లను, సోర్స్ బయటపెట్టాలనే జీపీఎల్ లైసెన్సున్న మాడ్యూళ్లకే ఇవ్వడం పక్షపాతమంటారు. కానీ కనిపించని కోడ్‌లో తప్పును పక్కవాడు దిద్దలేడు. కెర్నల్ సోర్స్ మాత్రం అందరిదీ. ధర్మపురి దగ్గర చెట్టికరైలోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి అయినా దాన్ని తెరిచి, ఆ వరుస ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో చూసుకోవచ్చు. లేనిచోటే ఎక్కువ నేర్చుకుంటాడు.